రేపు అంటే ఏ పొద్దు?

హైదరాబాద్,
జనవరి 20

చిరంజీవి చిన్నికి,



చలికి మీ నాన్నమ్మ మోకాళ్ల నొప్పి కాస్త ఎక్కువైంది గానీ, పండక్కి గుమ్మం ముందు ముగ్గు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే వేసింది. నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివాను. స్పెయిన్ చలి గురించి రాశావు, అక్కడి చదువు గురించి రాశావు. కానీ నీ కోపమంతా ఒక్క మాట మీదే ఉంది. మన్యానా.

గదిలో హీటర్ వెలగడం లేదని చెబితే ఇంటాయన "మన్యానా" అన్నాడు. మర్నాడు అడిగితే మళ్లీ అదే మాట. నాలుగు రాత్రులు రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకున్నావు. ఇక మీ క్లాసు అమ్మాయి "మన్యానా పోర్ లా మన్యానా" బజారుకి వెళ్దామంది. నువ్వు ఎనిమిదింటికల్లా వెళ్లి ప్లాజా మయోర్‌లో గడియారం కింద నిలబడ్డావు. ఆ పిల్ల పన్నెండు దాటాక నవ్వుకుంటూ వచ్చింది. "ఈ దేశంలో రేపు అనే మాటకి విలువే లేదత్తా" అని ముగించావు.

ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. నలభై ఏళ్లుగా స్పానిష్ భాషలోంచి మన భాషలోకి మాటలు మోస్తూ బతికినదాన్ని. నీ రెండు సంగతులూ ఒకటి కావు. బజారు సంగతిలో నీకు మాట అర్థం కాలేదు. హీటర్ సంగతిలో మాట అర్థమైంది గానీ, అడగవలసింది నువ్వు అడగలేదు. రెండూ విడివిడిగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు మాట పుట్టుక చూడు. లాటిన్‌లో "మానే" అంటే పెందలాడే, పొద్దున్నే అని. దాంట్లోంచే మన్యానా వచ్చింది. మొదటి అర్థం ఉదయం. ఈ రాత్రి గడిచాక వచ్చే ఉదయం ఎప్పుడు? రేపే కదా. అలా ఉదయం అనే మాటే రేపు అయి కూర్చుంది. జర్మన్ వాళ్ల "మోర్గెన్" కూడా ఇంతే, ఉదయమూ అదే, రేపూ అదే. ఇదేదో పరాయి వాళ్ల వింత అనుకోకు. మన "రేపు" సంగతి ఎప్పుడైనా ఆలోచించావా? పాత తెలుగులో రేపు అంటే తెల్లవారు వేళ. మాపు అంటే సాయంత్రం. "రేపూ మాపూ" అంటే పొద్దునా సాయంత్రం అని అర్థం. రేపకడ అంటే ప్రాతఃకాలం. మన పల్లెల్లో "మాపటికి వస్తా" అంటే సాయంత్రం వస్తానని ఇప్పటికీ అంటారు గానీ, రేపులోని తెల్లవారుజాము మాత్రం మన నోళ్లలోంచి జారిపోయింది. ఒక్క "రేపోమాపో"లో మిగిలింది, అక్కడా ఎవరూ గుర్తుపట్టరు. స్పానిష్ వాళ్లు ఆ రెండర్థాలనీ ఒకే మాటలో ఈనాటికీ కాపాడుకుంటున్నారు. మనం ఒకటి పోగొట్టుకున్నాం. కాబట్టి మన్యానా నీకు కొత్త మాట కాదమ్మా, మనింటి పాత మాటే.

ఆ మాట మధ్యలో ఎన్ అక్షరం మీద అల పెట్టినట్టుండే అక్షరం కూడా నీకు కొత్త కాదు. మొదట్లో అది రెండు ఎన్‌లు. చేత్తో పుస్తకాలు రాసే కాలంలో చోటు కలిసొస్తుందని రెండో దాన్ని చిన్న గీతగా మొదటి దాని నెత్తిన పెట్టేవారు. ఇప్పుడది వాళ్ల వర్ణమాలలో 15వ అక్షరం. దాని ధ్వని మన "ఞ". పలకమీద దిద్ది, తర్వాత ఎక్కడ వాడాలో తెలియక వదిలేసిన అక్షరం. దాన్ని నోరారా పలుకు. ఎన్‌లాగా పలికితే ఉన్న పదాలే మారిపోతాయి.

ఇక రెండర్థాలనీ విడదీసే గుర్తులు చెబుతాను. వాక్యంలో మన్యానా ముందు "లా", "ఎస్తా" లాంటివి లేకుండా వస్తే అది రేపు. ముందు "లా" గానీ "ఎస్తా" గానీ ఉంటే ఉదయం. "ఎస్తా మన్యానా" అంటే ఈ ఉదయం. రెండూ కలిసి వచ్చినప్పుడు మొదటిది రేపు, రెండోది ఉదయం, "మన్యానా పోర్ లా మన్యానా". మెక్సికో వాళ్లు "పోర్" బదులు "ఎన్" అంటారు, అర్జెంటీనా వాళ్లు "ఆ" అంటారు. ఎక్కడైనా ఆ "లా" మాత్రం ఉదయానికి పెట్టిన బొట్టులా ఉంటుంది. మూడో రూపం ఇంకొకటుంది. "ఎల్ మన్యానా" అని పురుష లింగంలో వస్తే రేపూ కాదు, ఉదయమూ కాదు. రాబోయే కాలం, భవిష్యత్తు. ఎల్లుండి కావాలంటే "పసాదో మన్యానా", అంటే రేపు గడిచాక. ఒకే మాట, ముందు నిలబడ్డ చిన్న మాటని బట్టి మూడు కాలాలు. హైదరాబాదులో పెరిగినదానివి, నిన్నకీ రేపుకీ ఒకటే "కల్" వింటూ ఏనాడూ తికమకపడలేదు. దీనికీ అలాగే అలవాటు పడతావు.

కానీ గుర్తులు తెలియక ముందు నేనొక పెద్ద తప్పు చేశాను. అది నీకు చెప్పాలి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఢిల్లీలో చదువు ముగించి, కొందరు వ్యాపారులకి దుబాసీగా మొదటిసారి స్పెయిన్ వెళ్లాను. తిరుగు ప్రయాణానికి బస్సు ఎప్పుడు వస్తుందని డ్రైవర్‌ని అడిగితే, "ఆ లాస్ దోస్ దె లా మన్యానా" అన్నాడు. నా చెవికి "దోస్", "మన్యానా" రెండే అందాయి. రేపు రెండింటికి అని అందరికీ చెప్పాను. భోంచేసి బయలుదేరవచ్చు, తొందరలేదన్నాను. ఆయన చెప్పింది రాత్రి రెండు. గడియారం లెక్క చెప్పేటప్పుడు అర్ధరాత్రి దాటిన గంటలకి కూడా వాళ్లు "దె లా మన్యానా" అంటారు. బస్సు వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. మేం నిద్రలో ఉన్నాం. విమానం తప్పిపోయింది. మా గుంపులో ఒకాయన కూతురి నిశ్చితార్థానికి అందుకోలేకపోయారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా, ఎవరు గంట చెప్పినా నేను మళ్లీ నా మాటల్లో వాళ్లకి అప్పజెబుతాను. "దోస్ దె లా మద్రుగాదా?" అంటాను. మద్రుగాదా అంటే అర్ధరాత్రికీ తెల్లవారడానికీ మధ్య వేళ. దాంట్లో తికమక లేదు. నువ్వూ అలా అప్పజెప్పడం నేర్చుకో. రెండోసారి అడిగినందుకు ఏ దేశంలోనూ ఎవరూ చిన్నచూపు చూడరు.

ఇప్పుడు నీ స్నేహితురాలి సంగతి. ఆ పిల్ల మాట తప్పలేదు. ఆమె ఉదయంలోనే వచ్చింది. మనకి పొద్దున అంటే కాఫీ, పేపరు, పాలవాడు. తొమ్మిదింటికల్లా "పొద్దెక్కింది" అంటాం. అక్కడ లా మన్యానా మధ్యాహ్న భోజనం దాకా సాగుతుంది. భోజనం రెండు గంటలకి. అప్పటిదాకా పలకరింపు "బ్వేనోస్ దియాస్", తిన్నాక "బ్వేనాస్ తార్దెస్". మనం మిట్ట మధ్యాహ్నం అనుకునే పన్నెండుని వాళ్లు "లాస్ దోసె దె లా మన్యానా" అని కూడా అంటారు. అంటే ఉదయం పన్నెండు.

దీనికి కొంత కారణం గడియారమే. పటంలో చూడు, స్పెయిన్ దాదాపు ఇంగ్లండుకి దిగువన ఉంటుంది. సూర్యుణ్ని బట్టి అయితే లండన్ వేళ ఉండాలి. 1940లో ఫ్రాంకో హయాంలో గడియారాల్ని ఒక గంట ముందుకి జరిపి జర్మనీ వేళతో కలిపారు. మళ్లీ వెనక్కి జరపలేదు. నువ్వున్న ఊరు దేశానికి పడమటి వైపు. అందుకే ఈ జనవరిలో నీకు ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు కనిపించడు. నువ్వు ఎనిమిదింటికి వెళ్లి నిలబడ్డావే, అది వాళ్ల లెక్కలో ఉదయం సరిగా మొదలే కాలేదు. మీ ఇద్దరి మధ్య తేడా వచ్చింది మర్యాదలో కాదు, పొద్దు కొలతలో.

అన్నట్టు, తార్దె అనే మాటనీ పక్కనే పెట్టి చూడు. "లా తార్దె" అంటే మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా. "తార్దె" అంటే ఆలస్యం. పెందలాడే అనే మాటతో ఉదయం, ఆలస్యం అనే మాటతో సాయంత్రం. ఒక జాతి తన రోజుని తొందరగా అనీ ఆలస్యంగా అనీ రెండు ముక్కలు చేసుకుందంటే, వాళ్లకి కాలం పట్టదని ఎలా అంటాం?

ఇంకొక చోట నువ్వు తప్పకుండా జారతావు, ముందే చెబుతున్నాను. మనం "రేపు పొద్దున నీకేదన్నా అయితే ఎవరు చూస్తారు?" అంటాం. "రేపు పొద్దున పెళ్లయ్యాక తెలుస్తుందిలే" అంటాం. అక్కడ రేపూ లేదు, పొద్దునా లేదు. ఎప్పుడో రాబోయే రోజు అని. దీన్ని మాటకి మాట మార్చి "మన్యానా పోర్ లా మన్యానా" అన్నావంటే ఎదుటివాళ్లు కంగారుపడతారు. వాళ్లకి అది అచ్చంగా రేపటి ఉదయమే. మన "రేపు పొద్దున"కి వాళ్ల మాట "ఎల్ దియా దె మన్యానా", రేపటి రోజు. పిల్లలకి చదువు చెప్పించేటప్పుడు, ముసలితనానికి నాలుగు డబ్బులు దాచుకునేటప్పుడు అక్కడి తల్లిదండ్రులు కూడా ఈ మాటే అంటారు. చూశావా, దూరపు భయాన్నీ ఆశనీ చెప్పడానికి రెండు భాషలూ రేపటినే పిలుచుకున్నాయి.

ఇక హీటర్ సంగతి. ఇక్కడ నీ కోపం న్యాయమే. చలిలో నాలుగు రాత్రులంటే చిన్న మాట కాదు. కానీ కోపం నీ ఇంటాయన మీద ఉంచు, దేశం మీదికి పోనీకు. స్పానిష్ మాట్లాడేవాళ్లంతా పని వాయిదా వేసేవాళ్లని బయటి ప్రపంచం ఒక ముద్ర వేసింది. ఇంగ్లీషువాళ్లు మన్యానా అనే మాటని ఆ వెక్కిరింపుతోనే తమ నిఘంటువుల్లోకి తీసుకున్నారు. కోట్లమంది తెల్లవారకముందే లేచి తోటల్లో, రేవుల్లో, వంటశాలల్లో పనిచేసే భాష అది. దాన్ని నేర్చుకోవడానికి వెళ్లి, దాన్ని వెక్కిరించేవాళ్ల కళ్లద్దాలు పెట్టుకోకు.

ఆ వాయిదాల జబ్బు ఉన్నచోట దాన్ని అందరికన్నా గట్టిగా ఎత్తిచూపింది కూడా ఒక స్పెయిన్ వాడే. మరియానో హోసే దె లార్రా 1833లో ఒక వ్యాసం రాశాడు. దాని పేరుకి అర్థం "రేపు రండి". కుటుంబ ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టుకుని, తన సొమ్ము పెట్టుబడి పెట్టాలని ఒక విదేశీయుడు మాడ్రిడ్ వస్తాడు. పదిహేను రోజుల్లో అన్నీ ముగించుకుని వెళ్తానంటాడు. ఏ గుమ్మం తొక్కినా ఒకటే జవాబు, రేపు రండి. ఆరు నెలలు తిరిగి, ఏ పనీ కాకుండా వెళ్లిపోతాడు. ఆ వ్యాసం చివర లార్రా వేలు తన వైపే తిప్పుకున్నాడు. ఆ వ్యాసం రాయాలనుకుని తానే నెలల తరబడి వాయిదా వేశానని ఒప్పుకున్నాడు. దాన్ని నువ్వు చదవాలి. లార్రా బతికింది 27 ఏళ్లే. 1809లో పుట్టి 1837లో పోయాడు. కానీ ఆ వ్యాసం పేరు ఇప్పటికీ వాళ్లకి సామెతలా నోట్లో ఉంది. తన వాళ్లని దిద్దుకోవాలనే బాధతో రాసిన మాటకీ, పరాయివాడు విసిరిన మాటకీ ఉన్న తేడా అందులో తెలుస్తుంది.

మనం మాత్రం ఏం తక్కువ? ఏ ఆఫీసు బల్ల ముందు మనం "రేపు రండి" వినలేదు? మన కిరాణా కొట్టులో "నేడు రొక్కం, రేపు అరువు" అని రాసి ఉండేది, చిన్నప్పుడు నువ్వు కూడబలుక్కుని చదివేదానివి. స్పెయిన్‌లో పాత దుకాణాల్లో సరిగ్గా అదే ఉంటుంది. "ఓయ్ నో సే ఫీయా, మన్యానా సీ". ఇవాళ అప్పులేదు, రేపు ఇస్తాం. ఎప్పుడు వెళ్లి చదివినా అది ఇవాళే అవుతుంది. మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులు నీకు తెలియవు, మీ నాన్నని అడుగు. దెయ్యం వచ్చి ఆ రాత చదువుకుని వెళ్లిపోతుందని, మర్నాడు వచ్చినా మళ్లీ అదే చదువుతుందని నమ్మేవారు. ఈ రాతలన్నిట్లోనూ ఉన్న రహస్యం ఒకటే చిన్నీ. పొద్దు లేని రేపు ఎప్పటికీ రాదు. ఏ గంట అని చెప్పని రేపుతో అరువు అడిగేవాణ్నీ ఆపవచ్చు, దెయ్యాన్నీ ఆపవచ్చు.

నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది, నీకు ఇవ్వాలనుకున్నది ఈ ఒక్కటే. మన్యానాలో రెండర్థాలున్నాయి కదా, ఆ రెండూ కలిస్తేనే అది మాట ఇవ్వడం అవుతుంది. ఎవరైనా నీకు రేపు ఇస్తే, దాంతోపాటు ఉదయాన్ని కూడా అడుగు. ఇంటాయన "మన్యానా" అనగానే తల ఊపి వచ్చేయకు. నెమ్మదిగా, నవ్వు ముఖంతోనే "ఆ కే ఓరా?" అను. ఏ గంటకి? "పొద్దున" అంటే, "పదింటికా, పన్నెండింటికా? నేను ఇంట్లో ఉండాలి కదా" అను. గంట చెప్పాక దాన్ని రెండు ముక్కల్లో మెసేజ్ పెట్టు. పదిసార్లు గొంతు పెంచినా కాని పని, ఒక గంట పేరు చెప్పించుకుంటే అవుతుంది. గంట చెప్పిన మనిషికి అది తప్పడం కష్టం. చెప్పనివాడికి తప్పడానికి ఏమీ లేదు. ఆ తర్వాత కూడా రాకపోతే, అప్పుడు నీ కోపం నిఖార్సైన కోపం, దాన్ని చూపించు.

వాళ్లు సెలవు తీసుకుంటూ "ఆస్తా మన్యానా" అంటారు, రేపటిదాకా అని. మనం "వెళ్తాను" అనలేక "వెళ్లొస్తాను" అంటాం. రెండిట్లోనూ తిరిగి రావడం ఇమిడి ఉంది. దాన్ని నువ్వు ఊరికే అనకు, నిజంగా మర్నాడు కలిసేవాళ్లతోనే అను. మెక్సికోలో పుట్టినరోజున పాడే పాటకి "లాస్ మన్యానీతాస్" అని పేరు, చిన్ని ఉదయాలు అని. తెల్లవారుతుండగా వెళ్లి, నిద్రపోతున్న మనిషి గుమ్మం ముందు పాడి లేపడం ఆనవాయితీ. మన మేలుకొలుపుల్లాగే. ఈ మాటలో వాయిదా మాత్రమే చూసినవాళ్లకి ఈ తీపి ఎలా తెలుస్తుంది?

చివరగా ఒక మాట. నిన్ను నొప్పించాలని కాదు.

భోగి రోజు రాత్రి నువ్వు ఫోన్ చేశావు. నీకు ఎనిమిది. చలికాలంలో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం, ఇక్కడ పన్నెండున్నర. నీతో మాట్లాడాలని మీ నాన్నమ్మ పడుకోకుండా కూర్చుంది. తొందరలో ఉన్నావు, "రేపు పొద్దున చేస్తాను నాన్నమ్మా" అని పెట్టేశావు. నువ్వు ఆ మాట అనేటప్పటికే ఇక్కడ రేపు వచ్చేసింది. ఆమె నాలుగున్నరకి లేచి తలంటుకుని, ముగ్గు వేసి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఏడైంది, తొమ్మిదైంది. "పిల్ల పొద్దున చేస్తానంది" అంటూ భోజనానికి లేవలేదు. నువ్వు చేశావు. నీ పదకొండింటికి చేశావు. నీ లా మన్యానాలోనే, అన్న మాట ప్రకారమే చేశావు. ఇక్కడ మూడున్నర. నీ గొంతు విన్నాకే ఆమె ఇంత పులిహోర తింది. నీకు చెప్పవద్దంది. నేను చెబుతున్నాను.

గడియారం కింద నువ్వు నిలబడ్డ నాలుగు గంటలూ ఇప్పుడు మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆ పిల్ల తప్పు ఎంతో, నీ తప్పూ అంతే. అంటే ఏమీ లేదు. పొద్దు చెప్పుకోలేదు, అంతే.

అందుకని నాన్నమ్మ తరఫున నేనొక గంట అడుగుతున్నాను. ఆదివారం నీకు రెండు గంటలకి, భోజనానికి కూర్చునే ముందు, నీ ఉదయం ముగిసే వేళ. ఇక్కడ ఆరున్నర అవుతుంది, ఆమె దీపం పెట్టి ఖాళీగా కూర్చునే మాపటి వేళ. మార్చి చివర మీ గడియారాలు మారినప్పుడు మూడింటికి మార్చుకో. నీ రేపూ ఆమె మాపూ అక్కడ కలుస్తాయి.

హీటర్ వెలిగిన రోజున రెండు ముక్కలు రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త